లైఫ్ కోచ్‌కు చీటీ డబ్బులు కట్టమంటారా?

ప్రొద్దుటూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు రాయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 39 ఏళ్లు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చదివారు. ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్లు పదో తరగతికి లెక్కలు చెప్పారు. కరోనా ఏడాది స్కూలువాళ్లు జీతం సగం చేశారు. అప్పుడే అత్తగారికి పక్షవాతం వచ్చింది. ఉద్యోగం మానేసి, నాలుగేళ్లు ఆమెకు అన్నీ మంచం మీదే చేశారు. నిరుడు అత్తగారు పోయారు. కూతురు ఇంటర్ చదవడానికి తిరుపతి హాస్టల్‌కు వెళ్లింది. కొడుకు ఎనిమిదో తరగతి, బడి అయ్యాక క్రికెట్. భర్తకు బట్టల అంగడి. పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి పదికి వస్తారు, దసరా సీజన్లో ఆ పది కూడా ఉండదు.

“నాలుగేళ్లు ఎప్పుడు కాస్త ఖాళీ దొరుకుతుందా అని ఎదురుచూశాను. దొరికింది. ఇప్పుడు ఆ ఖాళీని చూస్తేనే భయమేస్తోంది” అని రాశారు. తెల్లవారుజామున మూడుకే మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. కొన్ని నెలలుగా ఇదే వరస. తిండి రుచించడం లేదు, ఊరికే ఏడుపొస్తుంది. “నేను లేకపోయినా ఈ ఇంట్లో ఏదీ ఆగదనిపిస్తుంది” అని కూడా ఒక మాట రాశారు.

ఫోన్లో ఒక లైఫ్ కోచ్ వీడియోలు చూసి, 99 రూపాయలు కట్టి రెండు గంటల జూమ్ క్లాసు విన్నారు. మనసు తేలికైంది. మర్నాడు ఆ కోచే ఫోన్ చేశారు. మూడు నెలల ప్రోగ్రాం 60 వేలు, ఆ రాత్రి పన్నెండు లోపు కడితే 48 వేలు. అది పూర్తయ్యాక ఇంకో లక్షన్నర కడితే ఈమెనే సర్టిఫైడ్ కోచ్‌ను చేస్తారట, నెలకు లక్ష సంపాదించుకోవచ్చట. నిద్ర సంగతి చెబితే “డాక్టర్లు, మాత్రలు ఏమీ వద్దు, మైండ్‌సెట్ మారితే చాలు” అన్నారు. “మీవారికి ఇప్పుడే చెప్పకండి, ఇంట్లో నెగెటివ్ ఎనర్జీ మిమ్మల్ని వెనక్కి లాగుతుంది” అని కూడా అన్నారు.

ఆమె దగ్గర చీటీ పాడిన డబ్బు 70 వేలు ఉంది. ఇంటిఖర్చులో మిగిల్చి కట్టిన చీటీ అది, భర్తకు తెలియదు. కోచ్ విషయం మాత్రం మాటవరసకు ఎత్తితే ఆయన నవ్వేసి, “ఊరికే మాట్లాడేదానికి అరవై వేలా? మా మేనత్త దగ్గరికి పో, ఉత్తపుణ్యానికి చెప్తాది” అన్నారట. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే చెల్లెలేమో, “మా కంపెనీ నాకు ఒక కోచ్‌ను ఇచ్చింది, చాలా ఉపయోగపడింది, నువ్వూ తీసుకో అక్కా” అంటోంది. అసలు లైఫ్ కోచ్ అంటే ఏం చేస్తారు, నాలాంటిదానికి పనికొస్తుందా, డబ్బు కట్టమంటారా అని ఆమె ప్రశ్న.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో కోచ్ గురించి మూడు పేజీలున్నాయి. నిద్ర గురించి నాలుగు లైన్లే ఉన్నాయి. నేను ఆ నాలుగు లైన్ల దగ్గర మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి.

“నేను లేకపోయినా ఏదీ ఆగదు” అని అలసిపోయిన ఆడవాళ్లు చాలామంది అంటారు. అన్న ప్రతివాళ్లూ ప్రమాదంలో ఉన్నట్టు కాదు. కానీ ఆ ఆలోచన ఎప్పుడైనా “చచ్చిపోతే బాగుండు” అనేదాకా వస్తే మాత్రం నా సమాధానం మొత్తం పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ అది. తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మీకు మెలకువ వచ్చే మూడు గంటలప్పుడు కూడా ఎత్తుతారు. ఆ పూట పక్కన ఎవరో ఒకరిని ఉంచుకోండి. మీ ఆయనను నిద్రలేపినా తప్పులేదు.

అంతదాకా రాలేదంటే మంచిదే. అయినా డాక్టర్ అవసరం తీరిపోలేదు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారకముందే మెలకువ, ఆకలి మారడం, ఊరికే ఏడుపు రావడం, ఇవి రెండు వారాలకు మించి రోజూ ఉంటే డాక్టర్లు డిప్రెషన్ ఉందేమోనని చూస్తారు. మీకు అదేనని నేను అనడం లేదు, ఉత్తరం చూసి ఎవరూ అనకూడదు కూడా. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువైనా, బీ12 లోపం ఉన్నా దాదాపు ఇలాగే ఉంటుంది. నెలసరి ఆగే ముందు కొన్నేళ్లు కూడా నిద్ర ఇలాగే చెడుతుంది, ఆ మార్పులు కొందరికి నలభై దగ్గరపడుతుండగానే మొదలవుతాయి. ఇందులో ఏదైనా సరే, మైండ్‌సెట్ మార్చుకుంటే పోయేది కాదు. మీ ఊళ్లో మీకు అలవాటున్న డాక్టర్ దగ్గరే మొదలుపెట్టండి, రక్తపరీక్షలు రాయించుకోండి. ఆయన మానసిక వైద్యులను చూడమంటే కడప రిమ్స్ పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది. డాక్టర్ ముందు “కాస్త నిద్ర సరిగ్గా లేదు” అని తేల్చేయకండి. ఏ టైముకు మెలకువ వస్తోంది, ఎన్నాళ్లుగా, బరువు ఏమైనా తగ్గారా, ఏడుపు రోజూ వస్తోందా, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని పోండి. నాకు రాసిన వివరంలో సగం ఆయనకు చెప్పినా చాలు.

ఇంకో మాట. అత్తగారి గురించి “నిరుడు పోయారు” అని రాసి ఊరుకున్నారు. నాలుగేళ్లు ఒకరికి ఒళ్లు తుడిచి, ముద్ద కలిపి పెట్టి, రాత్రిళ్లు పక్క మార్చిన మనిషికి ఆ పని ఒక్కరోజులో ఆగిపోతే ఏమవుతుందో మన ఇళ్లల్లో ఎవరూ అడగరు. “పాపం, నీకూ విశ్రాంతి దొరికిందిలే” అంటారు. ఆ మాటకు మీరు తలూపి ఉంటారు. ఆమె మీద మీకు ప్రేమే ఉండేదో, విసుగే ఉండేదో, రెండూ ఉండేవో నాకు తెలియదు. ఏదైనా దానికి ఏడవడానికి మీకు హక్కుంది. అది కోచ్ దగ్గర ఏడ్చేది కాదు. దానికి కౌన్సెలరో సైకాలజిస్టో కావాలి, లేదా ఆమెను మీతోపాటు చూసుకున్న ఇంటిమనిషి ఎవరైనా.

ఇప్పుడు కోచ్ విషయానికి వద్దాం. ఇది పనికిమాలిన వృత్తి అని నేను అనను. 1970ల్లో అమెరికాలో టిమోతీ గాల్వే అనే టెన్నిస్ కోచ్, ఆటగాళ్లకు “చెయ్యి ఇలా తిప్పు, కాలు అలా పెట్టు” అని చెప్పేదానికంటే, బంతిని వాళ్లే గమనించేలా అడిగితే తొందరగా నేర్చుకుంటున్నారని చూశాడు. ఆ పద్ధతిని బ్రిటన్‌లో జాన్ విట్‌మోర్ కంపెనీల్లోకి తెచ్చాడు. ఆయన అంతకుముందు కార్ల రేసుల్లో పోటీపడినవాడు. థామస్ లెనర్డ్ అనే ఫైనాన్షియల్ ప్లానర్, డబ్బు సలహాకు వచ్చినవాళ్లు అసలు తమ బతుకు గురించే మాట్లాడాలనుకుంటున్నారని గ్రహించి 1992లో కోచ్‌లకు శిక్షణ మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అని పిలిచే సంస్థను 1995లో పెట్టింది కూడా ఆయనే.

వీళ్లందరిలో ఉమ్మడిగా ఉన్నది ఒకటే: సరైన కోచ్ సలహా ఇవ్వడు. చిన్ననాటి గాయాలు తవ్వడు, జబ్బుకు పేరు పెట్టడు. ఏం కావాలి, ఇప్పుడు పరిస్థితి ఏమిటి, ఏమేం దారులున్నాయి, వాటిలో ఏది ఎప్పటిలోగా చేస్తావు అని అడుగుతాడు. చెప్పింది శ్రద్ధగా విని, మీ మాటలనే మీకు తిరిగి వినిపిస్తాడు. చేస్తానన్న పని చేశారా లేదా అని వచ్చేవారం అడుగుతాడు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఈ ఇంత కూడా మనకు చేసిపెట్టేవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి?

మీ విషయంలోనే చూడండి. “ట్యూషన్ పెట్టాలని ఉంది, డీఎస్సీ కూడా రాయాలని ఉంది” అని ఒక్క లైను రాసి వదిలేశారు. కానీ ఏదో ఏడాది పిల్లలను ఎండలో నిలబెట్టి, వాళ్ల నీడలు కొలిపించి, బడి వెనకాల వేపచెట్టు ఎత్తు లెక్కకట్టించిన సంగతి పేజీ నిండా రాశారు. లెక్కల్లో తప్పుతాడనుకున్న పిల్లోడు అందరికంటే ముందు జవాబు చెప్పాడని, త్రికోణమితి అంటే భయం పోయిందని. మంచి కోచ్ అయితే అక్కడ ఆపుతాడు. “ఆరోజు మీకు నచ్చింది లెక్కా, ఆ పిల్లోడి మొహమా, క్లాసు మొత్తం మీ చేతిలో ఉండటమా?” అని అడుగుతాడు. ఎందుకంటే మీ జవాబును బట్టి దారి మారిపోతుంది. పిల్లోడి మొహమైతే ఇంట్లో నలుగురికి ట్యూషన్ చెప్పినా సరిపోతుంది. క్లాసే కావాలంటే ట్యూషన్‌తో మీకు తృప్తి ఉండదు, బడికే వెళ్లాలి. లెక్కే అయితే ఇంకేవో దారులున్నాయి. ఆ తర్వాత “మొదటి పిల్లవాడు ఎవరు? ఏ టైముకు వస్తాడు? మీ అబ్బాయి అన్నం టైము ఏమవుతుంది?” అని నేలమీదికి దింపుతాడు. కలలా ఉన్నది వచ్చే గురువారం చేయాల్సిన పనిగా మారుతుంది. లైఫ్ కోచింగ్ వల్ల మేలు జరిగేది ఇక్కడే.

దీనికి కొంత ఆధారమూ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో 18 అధ్యయనాలను కలిపి చూస్తే, కోచింగ్ తీసుకున్నవాళ్లకు పనితీరులో, ఒత్తిడి తట్టుకోవడంలో, పెట్టుకున్న లక్ష్యం మీద నిలబడటంలో మెరుగుదల కనిపించింది. అయితే అవి సంస్థల్లో జరిగే కోచింగ్ మీద చేసినవి. అంటే మీ చెల్లెలి లాంటివాళ్లు. ఆమె చెప్పింది నిజమే. ఆమెకు ఉద్యోగముంది, కంటినిండా నిద్ర ఉంది, కోచ్ ఫీజు కంపెనీ కట్టింది. కాలికింద నేల గట్టిగా ఉన్నవాళ్లకు ఎటు నడవాలో తేల్చుకోవడంలో కోచ్ సాయపడతాడు. ఆమెకు పనిచేసింది కాబట్టి ఈ పరిస్థితిలో మీకూ పనిచేస్తుందని చెప్పలేం.

మీ ఆయన మాటను కూడా కొట్టిపారేయను. మన ఊళ్లల్లో ఈ పని ఎప్పటినుంచో మేనత్తలు, పెదనాన్నలు, హెడ్‌మాస్టర్లు చేస్తూనే ఉన్నారు. డబ్బు తీసుకోరు, మన పుట్టుపూర్వోత్తరాలు తెలుసు, అర్ధరాత్రి తలుపు తట్టినా తీస్తారు. కానీ మేనత్తకు మీ నిర్ణయంలో వాటా ఉంది. మీరు ఉద్యోగానికి పోతే వాళ్ల మేనల్లుడికి మధ్యాహ్నం క్యారియర్ ఎవరు పంపుతారనేది ఆమె మనసులో ఉంటుంది. మీ చెల్లెలికీ ఉంది: తాను వెళ్లిన దారిలో అక్క కూడా రావాలని. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. దగ్గరివాళ్లకు వాటా లేకుండా ఎలా ఉంటుంది? కోచ్‌కు డబ్బిచ్చేది ఆ వాటా లేనందుకే. మీరు ట్యూషన్ పెట్టినా, బడికి పోయినా, ఏమీ చేయకుండా ఇంట్లో పుస్తకాలు చదువుకున్నా అతనికి తేడా ఉండకూడదు.

ఈ కొలతతో మీకు ఫోన్ చేసినాయనను కొలిచి చూడండి. మీరు 60 వేలు కడితే ఆయనకు లాభం. ఆ తర్వాత మీరు కోచ్ కావాలని నిర్ణయించుకుంటే ఇంకో లక్షన్నర లాభం. లెక్కల టీచర్‌గా మళ్లీ బడికి పోతే ఆయనకు పైసా రాదు. ఇలాంటి మనిషి “మీకు నిజంగా ఏం కావాలి?” అని అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు ఆయన ముందే రాసిపెట్టుకున్నాడు. మేనత్త వాటా కంటే ఈ వాటా పెద్దది. పైగా ఆమెలాగా బయటికి కనిపించదు.

99 రూపాయల క్లాసులో మీ మనసు తేలికైన మాట అబద్ధం కాదు. ఎన్నాళ్లకో ఒక మనిషి మిమ్మల్ని కోడలా, అమ్మా, వదినా అనకుండా పేరు పెట్టి పిలిచి మీ గురించి అడిగాడు. ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. ఆ తేలికదనం మీకు ఏం కావాలో చెప్పింది. ఆ కోచ్ మంచివాడని మాత్రం చెప్పలేదు.

ఆయన అన్న మూడు మాటలు నాకు నచ్చలేదు. డాక్టర్ వద్దన్న మాట మొదటిది. కోచింగ్ ఫెడరేషన్ నియమావళే అవసరమైతే వేరే నిపుణుల దగ్గరికి పంపమంటుంది, నిద్ర లేదని చెప్పిన మనిషిని సరైన కోచ్ ముందు డాక్టర్‌ను కలవమంటాడు. భర్తకు చెప్పొద్దన్న మాట రెండోది. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ డబ్బు తీసుకునేవాడు దాచమంటే అందులో ఏదో తేడా ఉంది. మూడోది రాత్రి పన్నెండు గడువు. ఇలా లేని తొందర పుట్టించి కట్టించుకోవడాన్ని 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ మోసపు ఎత్తుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో ఉన్న 13 ఎత్తుల్లో ఇదొకటి. మీ ఉత్తరం నాకు చేరేసరికే ఆ గడువు దాటిపోయింది. చూస్తూ ఉండండి, “మీ కోసం ప్రత్యేకంగా ఇంకో రెండు రోజులు పొడిగించాం” అని మళ్లీ ఫోన్ వస్తుంది.

మన దేశంలో లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదని కూడా తెలుసుకోండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. మానసిక వైద్యులు మెడికల్ కౌన్సిల్‌లో ఉంటారు. కోచ్‌కు అలాంటిదేమీ లేదు. వారం రోజుల కోర్సు చేసి కూడా సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవచ్చు. ఉన్నంతలో నమ్మదగింది ఆ ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపు. అందులో మొదటి మెట్టు ఏసీసీకే 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. తర్వాతి మెట్టు పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. పేరు కొడితే వాళ్ల వెబ్‌సైట్‌లో ఉందో లేదో తెలిసిపోతుంది. గుర్తింపు ఉన్నవాళ్లందరూ గొప్పవాళ్లని కాదు, కనీసం అబద్ధం చెప్పడం లేదని తేలుతుంది.

ఇక మీ ముందున్న దారులు.

చీటీ డబ్బు బ్యాంకులో వేసి, ముందు ఒంటి సంగతి చూసుకోవడం ఒకటి. డాక్టర్ మందు రాస్తే దిగులు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే పనిచేయలేదని మానేయకూడదు. ఈ దారిలో నష్టం ఏమిటంటే, బయటికి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. చెల్లెలు “ఇంకా ఏమీ మొదలుపెట్టలేదా?” అంటుంది. లాభం ఏమిటంటే, నిద్ర కుదుటపడ్డాక ఇప్పుడు కొండలా కనిపిస్తున్నవి కొన్ని వాటంతటవే చిన్నవైపోతాయి. కోచ్ అవసరమే లేదని అప్పుడు మీకే తోచవచ్చు. లేదూ, ఈసారి సరిగ్గా దీని కోసమే కావాలని స్పష్టంగా తెలుస్తుంది. నన్నడిగితే మిగతా ఏ దారి పట్టినా దీన్ని మాత్రం వదలొద్దంటాను.

రెండోది, తర్వాతైనా ఒక మంచి కోచ్‌ను వెతుక్కోవడం. చెల్లెల్ని వాళ్ల కోచ్‌ను అడగమనండి, తెలుగులో చేసేవాళ్లు తెలిసుంటే చెబుతారు. తెలుగు అనే మాట గట్టిగా పట్టుకోండి. మీరు ఇంగ్లిష్ మీడియంలో లెక్కలు చెప్పి ఉండొచ్చు, కానీ ఏడుపు, కోపం, ఆశ మీకు తెలుగులోనే వస్తాయి. ఇంగ్లిష్‌లో అయితే మీరు సరైన వాక్యాల కోసం వెతుక్కుంటూ మనసులో మాట వదిలేస్తారు. మొదటి సిట్టింగ్‌కు ఫీజు అడగకుండా ఒకసారి ఉచితంగా మాట్లాడే కోచ్‌లు ఉంటారు. ప్యాకేజీ కాకుండా మూడు నాలుగు సిట్టింగులకు మాత్రం ఒప్పుకోండి. ఎన్ని సిట్టింగులు, ఒక్కోటి ఎంతసేపు, మధ్యలో ఆపేస్తే ఎంత డబ్బు తిరిగిస్తారు, నేను చెప్పింది ఎవరితోనైనా పంచుకుంటారా, రికార్డు చేస్తారా, ఇవన్నీ వాట్సాప్‌లోనైనా రాతలో తీసుకోండి. ఈ దారికి డబ్బు ఖర్చవుతుంది. ఒప్పుకున్న పని చేయకపోతే ఆ డబ్బు వృథా. కోచ్ మీ బదులు ట్యూషన్ బోర్డు తగిలించడు.

డబ్బు లేకుండా ఇదే పని సగం చేసుకోవడం ఇంకో దారి. మీతో కలిసి పనిచేసిన టీచర్ ఎవరితోనైనా మీకు ఇప్పటికీ మాటలున్నాయా? ఆమెతో వారానికి ఒకసారి అరగంట ఫోన్ పెట్టుకోండి. నియమం ఒకటే: ఆ అరగంటలో ఆమె సలహా చెప్పకూడదు, అడగాలి మాత్రమే. ఏం కావాలి, ఇప్పుడు ఎక్కడున్నావు, ఏ దారులున్నాయి, వచ్చేవారం లోపు ఏం చేస్తావు. అది కాస్తా బడి కబుర్లు, చీరల కబుర్లుగా మారిపోతుందని నాకు తెలుసు. అలవాటు లేనివాళ్లు సలహా చెప్పకుండా పది నిమిషాలు ఉండలేరు, మన తెలుగువాళ్లం మరీ ఉండలేం. అయినా ప్రయత్నిస్తే నష్టం లేదు. ఎవరితోనో “గురువారానికి చేస్తాను” అని పైకి అనడంలోనే సగం బలం ఉంటుంది.

నాలుగోది, ఈయనకే కట్టడం. వద్దని చెప్పే అధికారం నాకు లేదు, డబ్బు మీది. కడతానంటే పైన చెప్పిన వివరాలన్నీ ముందు రాతలో అడగండి. డాక్టర్‌ను కలిశాకే మొదలుపెడతానని కూడా రాయండి. ఏం జవాబిస్తాడో చూడండి. చిరాకుపడినా, “మీకు నమ్మకం లేకపోతే వద్దులెండి” అన్నా మీకు అరవై వేలు మిగిలినట్టే. సాఫీగా జవాబిస్తే, మొత్తం కాకుండా మొదటి నెలకు మాత్రం కట్టండి. ఈఎంఐ పెట్టుకోకండి, ప్రోగ్రాం మధ్యలో ఆపినా వాయిదాలు ఆగవు. రేపు చెప్పింది ఒకటి చేసింది ఒకటి అయితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడ తేలకపోతే కడపలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కోచ్ ఏ ఊళ్లో ఉన్నా మీరున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. అక్కడ పనికొచ్చేవి రసీదులు, మెసేజ్‌లే. ఫోన్లో ఇచ్చిన మాటలను అక్కడ రుజువు చేయడం కష్టం.

మీ ఆయన విషయం ఆఖరికి పెట్టాను. చీటీ గురించి చెప్పాలా వద్దా అనేది నేను తేల్చను. ఆడవాళ్లు నాలుగు రూపాయలు పక్కన వేసుకోవడం మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉన్నదే, దాన్ని దొంగతనమని నేననను. కానీ కోచ్ సంగతి ముందు ఎత్తడం వల్ల ఆయనకు మీ బాధ కాకుండా ఫీజు మాత్రమే కనబడింది. వ్యాపారం చేసే మనిషి అంకె వినగానే బేరం గురించే ఆలోచిస్తాడు. ఈసారి అంకె లేకుండా చెప్పండి: “కొన్ని నెలలుగా మూడు గంటలకే మెలకువ వస్తోంది. ఊరికే ఏడుపొస్తోంది. డాక్టర్ దగ్గరికి పోవాల, నాతో రా.” అంగడి లెక్కలు చూసుకునే రాత్రి పూట కాకుండా, అంగడి మూసిన రోజు పొద్దున చెప్పండి. దీనికి ఆయన నవ్వుతారని నేననుకోను. నవ్వినా, రాకపోయినా, మీరు ఒక్కరే అయినా వెళ్లండి. ఆయన అమ్మకు నాలుగేళ్లు చేసినదానికి, మీ కోసం ఒక పూట అంగడి వదలమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

డీఎస్సీ గురించి కూడా ఒక లైను రాశారు కదా. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, మళ్లీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు వయోపరిమితి మీకు సరిపోతుందో లేదో అందులోనే చూసుకోండి. టెట్ పాసై ఉంటే సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది, లేకపోతే అది ముందు రాయాలి. ఏడాదీ ఏడాదిన్నర కూర్చుని చదవాల్సిన పని, నిద్రలేని ఒంటితో మొదలుపెడితే నెలకే పుస్తకం మూసేస్తారు. ట్యూషన్ అలా కాదు. మీ వీధిలోనే పదో తరగతి పిల్లలు ఉంటారు, అర్ధసంవత్సర పరీక్షల మార్కులు వచ్చాక తల్లులే లెక్కల టీచర్ కోసం వెతుక్కుంటారు. ఒకరిద్దరితో మొదలుపెట్టి, నచ్చకపోతే మార్చి నెలలో పబ్లిక్ పరీక్షలయ్యాక మానేసినా ఎవరూ ఏమీ అనరు.